కాలి వాపును కుచ్చెళ్ల చాటున దాచకండి

మా చిన్నమ్మది ఎల్లారెడ్డి. పెళ్లయిన నాటినుంచీ బీడీలు చుడుతోంది. వంట కాగానే ఒళ్లో చాట పెట్టుకుని కూచుంటే వెయ్యి బీడీలు పూర్తయ్యేదాకా లేవదు. పోయిన ఏడు పండక్కి కామారెడ్డిలో మా ఇంటికొస్తే, కాళ్లు కడుక్కోమని చెంబు అందించాను. కుచ్చెళ్లు పైకెత్తదు! వంగి చూద్దును కదా, కుడి పాదం వాచి గిన్నె బోర్లించినట్టుంది. "మూడేండ్ల నుంచి ఇట్లనే ఉంది బిడ్డా, ఎవరికని చెప్పుకుందు?" అంది.

మర్నాడే డాక్టరుకు చూపించాం. రక్తం రాత్రిపూట తీశారు. ఈ వ్యాధి పురుగు పిల్లలు రాత్రివేళే ఎక్కువగా రక్తంలో తిరుగుతాయట. బోదకాలని తేలింది.

మన ఒంట్లో రక్తనాళాలతోపాటు శోషరస నాళాలని ఉంటాయి. కండల్లో ఊరిన నీటిని తిరిగి రక్తంలో కలపడం వాటి పని. రక్తాన్ని తోయడానికి గుండె ఉంది గానీ, ఈ రసాన్ని తోయడానికి అలాంటిదేమీ లేదు. ముఖ్యంగా మనం నడవడం, కండలు కదలడం, గట్టిగా ఊపిరి తీయడం వల్లే అది ముందుకు సాగుతుంది. క్యూలెక్స్ దోమ మోసుకొచ్చిన పురుగులు ఆ నాళాల్లో చేరి పాడుచేస్తే రసం నిలిచిపోయి కాలు వాస్తుంది. బీడీలు చుడితే బోదకాలు రాదు. కానీ గంటల తరబడి కదలకుండా కూచుంటే ఉన్న వాపు పెరుగుతుంది.

చిన్నమ్మకు డాక్టరు చెప్పినవి మీకూ చెబుతున్నాను:

* రోజూ రెండుపూటలా సబ్బుతో, మంచి నీళ్లతో కాలు కడిగి, వేళ్ల సందులు మెత్తటి గుడ్డతో తడి లేకుండా అద్దాలి.

* గంటకోసారి లేచి నాలుగడుగులు వేయాలి. కూచున్నచోటే మడమలు పైకీ కిందికీ ఆడించాలి.

* పడుకున్నప్పుడు కాలి కింద దిండు పెట్టుకోవాలి.

* చెప్పుల్లేకుండా తిరగొద్దు. చిన్న పుండైనా అశ్రద్ధ చేయొద్దు. పసర్లు పూయొద్దు.

* చలిజ్వరం వచ్చి కాలు ఎర్రబడి సలిపితే కాపడం పెట్టకుండా, గట్టిగా రుద్దకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంకో మాట. కాలి వాపులన్నీ బోదకాలు కావు. గుండె, మూత్రపిండాల జబ్బుల్లోనూ కాళ్లు వాస్తాయి. ఉన్నట్టుండి ఒక్క కాలే వాచి నొప్పి పుడితే రక్తం గడ్డకట్టిందేమో చూపించుకోవాలి.

బోదకాలు ఉన్న జిల్లాల్లో ఏడాదికోసారి డి.ఇ.సి. మాత్రలు పంచే కార్యక్రమం 2004లో మొదలైంది. అలా ఇంటికి తెచ్చిచ్చిన మాత్రలు మనం గూట్లో పడేస్తుంటాం. అన్నం తిన్నాక, ఇచ్చినవాళ్ల ఎదుటే వేసుకోండి. గర్భిణులకు, రెండేళ్లలోపు పిల్లలకు, జబ్బు ముదిరి మంచం పట్టినవాళ్లకు ఇవి ఇవ్వరు. ఈ దోమ మురికి నీళ్లలో పెరుగుతుంది. కాబట్టి మోరీ నిలవకుండా చూసుకోండి, మరుగుదొడ్డి గాలిగొట్టానికి జాలీ కట్టండి.

చిన్నమ్మ కాలు మునుపటిలా కాలేదు. ముదిరిన వాపు మాత్రలతో పోదని డాక్టరు ముందే చెప్పారు. అయితే నెలనెలా వచ్చే జ్వరాలు తగ్గాయి, చెప్పులు పడుతున్నాయి. మూడేళ్ల ముందే చూపించి ఉంటే ఎంత బాగుండేదో! ఈసారి మీ అమ్మగారో అత్తగారో ఇంటికొస్తే, కాళ్లకు నీళ్లిచ్చేటప్పుడు ఒక్కసారి వంగి చూడండి.