బ్రాకెట్ లేదు కాబట్టి ప్లేట్ అక్కర్లేదా?

డాలస్ పక్కన ఫ్రిస్కో, ప్లేనోలలోనో, కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్, శాన్‌హోసేలలోనో మనవాళ్లు ఎక్కువగా ఉండే కాలనీల్లో ఒక చుట్టు తిరిగితే, ముందు నంబర్ ప్లేట్ లేని కార్లు చాలానే కనిపిస్తాయి. మస్టాంగ్‌లు, కార్వెట్‌లు, పోర్షే 911లు, టెస్లాలు. టెక్సాస్, కాలిఫోర్నియా రెండూ ముందు, వెనక ప్లేట్లు తప్పనిసరి చేసిన రాష్ట్రాలే. ఎందుకు పెట్టలేదని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కారణం చెబుతారు. బ్రాకెట్ ఇవ్వలేదంటారు, ఫైన్ లేదంటారు, వారంటీ పోతుందంటారు. కొత్త కారుకు ఆరు నెలలు గడువుందనేవాళ్లూ ఉన్నారు.

వీటిలో గాల్లోంచి పుట్టిన మాటలు తక్కువ. చాలావరకు ఏదో ఒక రాష్ట్రంలో నిజం, లేదా ఒకప్పుడు నిజం. ఆ రాష్ట్రం దాటి, ఆ కాలం దాటి కూడా చలామణీ అవుతున్నాయి కాబట్టే టికెట్లు తెచ్చిపెడుతున్నాయి. కష్టపడి దాచుకున్న డబ్బుతో ఇష్టమైన కారు కొనుక్కున్నవాళ్లు ఇలాంటి మాట విని ఇబ్బందుల్లో పడకూడదనే ఇదంతా రాయడం.

అపోహ: బంపర్‌కు బ్రాకెట్ లేకుండా కారు ఇచ్చారంటే ముందు ప్లేట్ పెట్టనక్కర్లేదని అర్థం.

అన్నిటికంటే ఎక్కువగా వినిపించే మాట ఇదే. దీని పుట్టిల్లు నెవాడా అని చెప్పవచ్చు. అక్కడి చట్టంలో నిజంగానే ఇలాంటి మినహాయింపు ఉంది. కారు తయారైనప్పుడు ముందు ప్లేట్ బిగించే ఏర్పాటు లేకపోయి, తర్వాత బిగించుకోవడానికి కూడా కంపెనీ ఏ మార్గమూ ఇవ్వకపోయి ఉంటే, వెనక ఒక్క ప్లేట్ చాలు. ముందుది యజమాని ఇష్టం. ఇందులో రెండో షరతును జనం మరిచిపోతారు. కంపెనీ ఆ మోడల్‌కు విడిగా బ్రాకెట్ తయారుచేస్తుంటే నెవాడాలో కూడా ఈ మినహాయింపు దక్కదు. ఈ రోజుల్లో పేరున్న కంపెనీ అమ్మే స్పోర్ట్స్ కారుకు బ్రాకెట్ దొరక్కపోవడం అరుదు.

కాలిఫోర్నియా వాహన చట్టం 5200వ సెక్షన్‌లో ఇలాంటి వెసులుబాటు లేదు. రెండు ప్లేట్లు జారీ అయితే ఒకటి ముందు, ఒకటి వెనక ఉండాలి, అంతే. స్పోర్ట్స్ కారా, ఫ్యామిలీ కారా, బంపర్ ఏ ఆకారంలో ఉంది అనే ప్రశ్నే అందులో రాదు. టెక్సాస్‌లోనూ మామూలు కార్ల సంగతి ఇంతే. మోటార్‌సైకిళ్లు, ట్రెయిలర్ల లాంటివాటికి మాత్రం అక్కడ ఒక్క ప్లేటే ఇస్తారు.

మరి కంపెనీలు బ్రాకెట్ బిగించి ఎందుకు పంపవు? అమెరికాలో సగానికి పైగా రాష్ట్రాలు రెండు ప్లేట్లు అడుగుతాయి. ఫ్లోరిడా, జార్జియా, నార్త్ కరోలినా, మిషిగన్, పెన్సిల్వేనియా, అరిజోనా వంటివి వెనక ఒక్కటే చాలంటాయి. కారు చివరికి ఎక్కడ రిజిస్టర్ అవుతుందో ఫ్యాక్టరీలో బంపర్ బిగించేవాళ్లకు తెలియదు. అందుకని బంపర్‌ను నున్నగా వదిలేసి, బ్రాకెట్‌ను, స్క్రూలను ప్లాస్టిక్ సంచిలో కట్టి డిక్కీలో పెట్టి పంపుతారు, లేదా డీలరే తెప్పించుకుంటాడు. షెవర్లే కార్వెట్‌కు ఈ బ్రాకెట్ వీకే3 అనే కోడ్‌తో ఆర్డర్ షీట్‌లోనే ఉంటుంది. రెండు ప్లేట్ల రాష్ట్రానికి వెళ్లే కారుకు అది దానంతటదే జతవుతుంది. మీ కారు డిక్కీలో స్పేర్ వస్తువుల అరను ఒకసారి వెతకండి. ఆ సంచి ఇంకా విప్పకుండా అక్కడే ఉండొచ్చు.

డీలర్ బిగించలేదనో, బిగించొద్దని మీరే చెప్పారనో అంటే పోలీసు దగ్గర చెల్లదు. ప్లేట్ బాధ్యత కారు నడిపేవారిది.

అపోహ: టెక్సాస్‌లో చట్టం ఉంది గానీ జరిమానా లేదు.

ఇది కొంతకాలం అక్షరాలా నిజం. 2011లో టెక్సాస్ శాసనసభ ప్లేట్లకు సంబంధించిన సెక్షన్లను ఒకచోటికి చేర్చి తిరగరాసింది. ఆ సర్దుబాటులో ముందు ప్లేట్ లేకపోతే వేయాల్సిన శిక్ష జారిపోయింది. 2012లో ఆ మార్పు అమల్లోకి రాగానే ప్లేట్ పెట్టాలన్న నియమం మిగిలింది, పెట్టకపోతే ఏం చేయాలో చెప్పే వాక్యం మాయమైంది. ఆ వార్త కార్ల అభిమానుల్లో దావానలంలా పాకింది. చాలామంది ఆ ఏడాదే ప్లేట్లు ఊడదీశారు. 2013లో శాసనసభ ఆ పొరపాటును దిద్దింది. ఇప్పుడు 200 డాలర్ల దాకా జరిమానా ఉంది. మొదటి వాయిదాకు ముందే ప్లేట్ బిగించి చూపిస్తే కేసు కొట్టేసే అధికారం కోర్టుకు ఉంది. శిక్ష జారిపోయిన వార్త పాకినంత వేగంగా, దాన్ని తిరిగి చేర్చిన వార్త పాకలేదు. అందుకే ఇన్నేళ్ల తర్వాత కూడా డాలస్‌లో కొత్తగా దిగిన కుర్రవాడికి సీనియర్లు అదే పాత మాట చెబుతున్నారు.

అపోహ: ఒకసారి ఫైన్ కట్టేస్తే సరి, బంపర్‌కు రంగు వేయించడం కన్నా చవక.

ఈ లెక్క నాకు అసలు నచ్చదు. కాలిఫోర్నియాలో ఇది ఫిక్స్-ఇట్ టికెట్ కిందికి వస్తుంది. ప్లేట్ బిగించి, అధికారి సంతకం చేయించి, 25 డాలర్లు కడితే టికెట్ కొట్టేస్తారు. అంత తేలికే. కానీ బిగించకుండా డబ్బు కట్టినంత మాత్రాన అది ప్లేట్ లేకుండా తిరగడానికి లైసెన్స్ కాదు. మర్నాడు మరో వీధిలో మరో అధికారి మళ్లీ రాయవచ్చు. లాస్ ఏంజెలెస్ లాంటి నగరాల్లో పార్కింగ్ సిబ్బంది ఆపి ఉన్న కార్లకు కూడా ఈ సెక్షన్ కింద టికెట్లు రాస్తుంటారు.

డబ్బు కన్నా పెద్ద సంగతి ఇంకోటి ఉంది. ముందు ప్లేట్ లేకపోవడం అనేది పోలీసు మీ కారు ఆపడానికి చట్టబద్ధమైన కారణం. ఆపడం వెనక అసలు ఉద్దేశం ఏదైనా సరే, కళ్ల ముందు ట్రాఫిక్ ఉల్లంఘన ఉంటే ఆ ఆపడం చెల్లుతుందని అమెరికా సుప్రీంకోర్టు 1996లో రెన్ కేసులో తేల్చి చెప్పింది. అర్ధరాత్రి హైవే పక్కన, పిల్లలు వెనక సీట్లో నిద్రపోతుండగా, వెనక నీలం ఎరుపు దీపాలు వెలగడానికి మీ అంతట మీరే కారణం ఇస్తున్నారు. ఆ అవకాశం ఎందుకివ్వాలి?

అపోహ: బంపర్‌కు బెజ్జాలు పెడితే వారంటీ పోతుంది.

1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ప్రకారం, ఒక మార్పు వల్లే ఫలానా లోపం వచ్చిందని చూపించకుండా కంపెనీ వారంటీని నిరాకరించడానికి లేదు. పైగా ఇక్కడ మీరు బిగిస్తున్నది ఆ కంపెనీ ఇచ్చిన బ్రాకెట్‌నే, ఆ కంపెనీ చెప్పిన చోటే. రెండు మూడు బెజ్జాలకు ఇంజిన్ వారంటీతో సంబంధమే లేదు.

అయితే బెజ్జాల భయం ఉత్త భయం కాదు. పని చెడగొట్టేవాళ్లు ఉన్నారు. ఈ కార్ల ముందు బంపర్ పైతొడుగు ప్లాస్టిక్‌ది. చాలా మోడళ్లలో స్క్రూ పడాల్సిన చోట చిన్న గుంటలు గుర్తుగా ఉంటాయి. కొన్నిటికి ఆ గుర్తులు లోపలి వైపున ఉంటాయి. తెలిసిన మెకానిక్ ముందు ఆ చోట మాస్కింగ్ టేప్ అంటిస్తాడు, దాంతో రంగు పెచ్చులూడదు, డ్రిల్ జారదు. సన్నని బిట్‌తో మొదలుపెట్టి, తొడుగు మందం దాటగానే ఆపుతాడు. దాని వెనక గాలి గొట్టమో, వైరింగో, గ్రిల్ తలుపుల మోటారో ఉండొచ్చు కాబట్టి లోతు ముఖ్యం. స్క్రూను బిగుతు పట్టేదాకానే తిప్పుతాడు, ఇంకా తిప్పితే ప్లాస్టిక్ మర తెగిపోతుంది. ప్లేట్ వెనక నాలుగు మూలలా చిన్న ఫోమ్ ముక్కలు అంటిస్తే గతుకుల్లో టపటపలాడదు, రంగు గీరుకుపోదు. ఇంతా కలిపి అరగంట పని. తొందరలో డెలివరీ రోజు సాయంత్రం ఆరింటికి చేయించకండి. పగటి వెలుగులో, మీరు పక్కన నిలబడి ఉండగా చేయించండి. ఒక కొస పావు అంగుళం కిందికి వాలినా ఆ కారు ఉన్నన్నాళ్లూ మీ కంటికి గుచ్చుకుంటుంది.

అపోహ: ముందు ప్లేట్ పెడితే గాలి అడ్డుపడి ఇంజిన్ వేడెక్కుతుంది.

జర్మనీ వైపు చూడండి. అక్కడ కార్లకు ముందు ప్లేట్ తప్పనిసరి. పోర్షే 911లు అదే ప్లేట్‌తో వేగపరిమితి లేని ఆటోబాన్ మీద దూసుకుపోతుంటాయి. 911లో రేడియేటర్లు ప్రధానంగా ముందు రెండు మూలల్లో ఉంటాయి, ఇప్పటి కార్వెట్‌లోనూ అంతే. మధ్యలో పడే ప్లేట్ వాటి దారికి అడ్డు రాదు. గ్రిల్ మధ్యలోనే ఉన్న కార్లకు కూడా ప్లేట్ ఎక్కడ పడితే గాలికి ఇబ్బంది ఉండదో కంపెనీ ముందే చూసుకుంటుంది.

అందం విషయంలో మాత్రం ఫిర్యాదుకు ఆధారం ఉంది. యూరప్ ప్లేట్ 520 మిల్లీమీటర్ల పొడవు, 110 ఎత్తు. సన్నగా, పొడుగ్గా బంపర్ గీతలో కలిసిపోతుంది. అమెరికా ప్లేట్ 1950ల మధ్య నుంచి 12 అంగుళాల పొడవు, 6 అంగుళాల ఎత్తులో స్థిరపడింది. పొట్టిగా, ఎత్తుగా ఉండే ఆ పలకను యూరప్ కొలతకు గీసిన ముఖం మీద అతికిస్తే పొడుచుకొచ్చినట్టే ఉంటుంది. మన దేశంలో కార్ల ప్లేట్ 500×120 మిల్లీమీటర్లు, అంటే యూరప్ కొలతకు దగ్గర. అందుకే హైదరాబాద్‌లో తిరిగే లాంబోర్గినీ ముందు ప్లేట్ అంత ఎబ్బెట్టుగా కనిపించదు. అన్నట్టు, భారత్‌లో ఏ రాష్ట్రంలోనూ, ఎంత ఖరీదైన కారుకూ ముందు ప్లేట్ నుంచి మినహాయింపు లేదు. 2019 ఏప్రిల్ 1 నుంచి తయారైన వాహనాలకు హై సెక్యూరిటీ ప్లేట్లే ఉండాలి.

అపోహ: డాష్‌బోర్డు మీద పెట్టినా, స్టిక్కర్ వేసినా చాలు.

డాష్‌బోర్డు మీద పెడితే చాలదు. కారు ముందు భాగానికి, బయట, కదలకుండా బిగించి ఉండాలి. బ్రేక్ గట్టిగా వేస్తే అద్దం వెనకున్న లోహపు పలక ఎగిరి ఎవరికి తగులుతుందో కూడా ఆలోచించండి.

స్టిక్కర్ సంగతి కాస్త వేరు. లోహపు ప్లేట్‌కు బదులుగా తాము ఆమోదించిన ప్రత్యామ్నాయాలను వాడే వీలు కల్పిస్తూ కాలిఫోర్నియా 2022లో చట్టం చేసింది. ముందు బంపర్‌కు అంటించే వినైల్ ప్లేట్లు ఆ దారిలో వచ్చినవే. అక్కడి మోటారు వాహనాల శాఖ ఆమోదం ఉన్నదైతేనే చెల్లుతుంది. ప్రింటింగ్ షాపులో సొంతంగా వేయించుకున్న నకలు చెల్లదు. బటన్ నొక్కితే ప్లేట్ తిరగబడి దాక్కునే పరికరాల జోలికి అసలు పోవద్దు. టెక్సాస్‌లో వాటిని వాడటం నేరం.

బెజ్జాలు ఇష్టం లేనివారికి మంచి దారి టో హుక్ మౌంట్. బంపర్‌కు ఒక పక్కన చిన్న మూత ఉంటుంది. దాని వెనక, బండి లాగే కొక్కెం బిగించే మర ఉంటుంది. అందులోకి కడ్డీ తిప్పి దానికి ప్లేట్ తగిలిస్తారు. ప్లేట్ మధ్యలోనే ఉండాలని కాలిఫోర్నియా చట్టం అనదు. గట్టిగా ఉండాలి, స్పష్టంగా కనిపించాలి, నేల నుంచి 60 అంగుళాలు మించకూడదు. అయితే ఫోక్స్‌వాగన్, ఆడి కార్లలో ఈ మర ఎడమ చేతి మర, మామూలుగా తిప్పితే ఎక్కదు. బిగించాక పార్కింగ్ సెన్సర్‌కు గానీ, క్రూయిజ్ కంట్రోల్ రాడార్‌కు గానీ ప్లేట్ అడ్డం వస్తోందేమో ఖాళీ రోడ్డు మీద నడిపి చూసుకోండి.

అపోహ: కొత్త కారుకు ఆరు నెలలు ప్లేట్ అక్కర్లేదు. స్టీవ్ జాబ్స్ అలాగే తిరిగేవాడు.

జాబ్స్ తన వెండి రంగు మెర్సిడెస్‌ను ప్లేట్లు లేకుండా నడిపేవాడన్నది నిజమే. ఆయనకు ప్రత్యేక అనుమతి ఏదీ లేదు. అప్పటి కాలిఫోర్నియా చట్టం కొత్త కారుకు ఆరు నెలల దాకా గడువిచ్చేది. అందుకే ఆయన ఆరు నెలలకోసారి అదే మోడల్ కొత్త కారును లీజుకు మార్చుకునేవాడని యాపిల్‌లో పనిచేసిన ఒకరు చెప్పారు. ఆ కిటికీ మూసుకుపోయి చాలా కాలమైంది. టోల్ ఎగవేతలు, గుద్ది పారిపోయిన కేసుల్లో బండి ఆచూకీ దొరక్కపోవడం చూసి 2016లో చట్టం మార్చారు. 2019 జనవరి 1 నుంచి డీలర్ తాత్కాలిక నంబర్ బిగించాకే కారు బయటికి రావాలి. టెక్సాస్ ఇంకో అడుగు వేసింది. నకిలీల బెడదతో కాగితపు ట్యాగులనే ఎత్తేసి, 2025 జులై 1 నుంచి డీలర్ దగ్గరే లోహపు ప్లేట్లు ఇప్పిస్తోంది. కాబట్టి బ్రాకెట్ ప్రశ్న అక్కడ మొదటి రోజే తేలాలి.

అపోహ: ఫ్లోరిడా కారుతో కాలిఫోర్నియాకు వెళ్తే ముందు ప్లేట్ లేదని పట్టుకుంటారు.

పట్టుకోరు. కారు ఏ రాష్ట్రంలో రిజిస్టర్ అయితే ఆ రాష్ట్రం నియమమే వర్తిస్తుంది. ఒక్క ప్లేటే ఇచ్చిన రాష్ట్రం బండికి రెండోది ఎక్కడినుంచి వస్తుంది? సెలవులకు రోడ్ ట్రిప్ వేసేవాళ్లు నిశ్చింతగా వెళ్లవచ్చు.

ఉద్యోగం మారి కాపురం మార్చినప్పుడు మాత్రం సంగతి వేరు. అట్లాంటా నుంచి డాలస్ వచ్చిన కుటుంబం 30 రోజుల్లో, కాలిఫోర్నియాలో స్థిరపడినవాళ్లు 20 రోజుల్లో కారును అక్కడ రిజిస్టర్ చేయించాలి. అప్పుడు చేతికి రెండు ప్లేట్లు వస్తాయి. ఎదురు దిశలో కూడా మార్పులు జరుగుతున్నాయి. ఒహాయో 2020 జులై 1 నుంచి, యూటా 2025 జనవరి 1 నుంచి ముందు ప్లేట్ నియమాన్ని ఎత్తేశాయి. అలాంటి రాష్ట్రానికి మారితే బ్రాకెట్ విప్పేసుకోవచ్చు. మిగిలిన బెజ్జాలకు బంపర్ రంగులోనే చిన్న బిరడాలు దొరుకుతాయి. విప్పిన బ్రాకెట్‌ను, స్క్రూలను మాత్రం పారేయకండి. తర్వాత ఆ కారు కొనేవారు ఏ రాష్ట్రం వారో ఇప్పుడే చెప్పలేం.