చిల్లర సంగతుల ఆట



ఆటలు పలువిధములు. చెడుగుడు దేహబలముతో ఆడునది. పులిజూదము ఎత్తుగడలతో ఆడునది. పాచికలాటలో గెలుపోటములు అదృష్టమును బట్టి యుండును. ఇవి గాక జ్ఞాపకముతో ఆడు ఆటలు కొన్ని గలవు. ఒకడు ప్రశ్న యడుగును. తెలిసినవాడు బదులు చెప్పును. వినుటకు ఇది బడిలోని పరీక్షవలె దోచును గాని దీని ధర్మము వేరు. ఆ ధర్మమెట్టిదో, వయసు మీరినకొలది ఇట్టి యాటలపై మమకారము హెచ్చుటకు హేతువేమో నేడు విచారింతము.

మొదట దూరదేశపు ముచ్చట యొకటి వినుడు. 1979లో కెనడా దేశమున మాంట్రియల్ నగరమందు క్రిస్ హేనీ, స్కాట్ ఎబట్ అను ఇరువురు పత్రికోద్యోగులు ఒక పలక యాటను కల్పించిరి. దానికి ట్రివియల్ పర్స్యూట్ అని పేరిడిరి. అనగా చిల్లర సంగతుల వేట యని చెప్పుకొనవచ్చును. 1981లో అది అంగళ్లకు వచ్చెను. పలకమీద బండిచక్రమువంటి బాట యుండును. ఆరు రంగులకు ఆరు విషయములు: భూగోళము, వినోదము, చరిత్ర, కళాసాహిత్యములు, ప్రకృతిశాస్త్రము, క్రీడలు. పాచిక వేసి కాయను నడిపి, ఆగిన గడి రంగును బట్టి వచ్చు ప్రశ్నకు బదులీయవలెను. ఆరు రంగుల ముక్కలును సంపాదించి, చక్రపు నడిమికి జేరి, కడపటి ప్రశ్నకును సరిగా జెప్పినవాడు గెలిచినవాడు. తొలి పెట్టెలో 6,000 ప్రశ్నలుండెను. 1984వ సంవత్సరమున ఒక్క ఉత్తర అమెరికాలోనే రెండుకోట్లకు పైగా పెట్టెలు అమ్ముడుపోయెను.

ఇంతమంది కొన్నది విద్వాంసులగుటకు గాదు. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట పుట్టినవారికై ప్రత్యేకముగా నొక పెట్టెను గూడ అమ్మిరి. అందలి ప్రశ్నలు వారి చిన్ననాటి పాటలు, నటులు, వార్తలు మొదలగువానిని గూర్చినవి. బదులు చెప్పువానికి బదులొక్కటే జ్ఞప్తికి రాదు. ఆ పాటను ఎచట వినెనో, అప్పుడు ప్రక్కన ఎవరుండిరో అదియు వచ్చును. పరీక్షలో నేర్చినది చెప్పుదుము. ఈ యాటలో బ్రదికినది చెప్పుదుము. ఇదియే దీని ధర్మము.

మన దేశమున 1967లో కలకత్తాలో నీల్ ఓబ్రయన్ బహిరంగముగా ప్రశ్నల పోటీని నడపెను. 1972 నుండి బోర్న్‌విటా క్విజ్ కాంటెస్టు రేడియోలో వినవచ్చెను. అది ఇంగ్లీషున జరుగుటచే పల్లెలకు దూరముగనే యుండెను. తెలుగున 2014లో ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’ అను కార్యక్రమము టెలివిజనులో వచ్చినప్పుడు పల్లెలలోని పెద్దలును తమ యరుగులపై నుండియే బదులు చెప్పజొచ్చిరి.

అయినను పల్లెకు ఈ విద్య క్రొత్తది గాదు. వైకుంఠపాళిని చూడుడు. గవ్వలు వేసి ఆడు ఆటయే యైనను, ఆ పటముమీద నిచ్చెనలకు భక్తి, జ్ఞానము వంటి పేర్లును, పాములకు రాక్షసుల పేర్లును వ్రాసియుండును. పాము మ్రింగినప్పుడు పిల్లవాడు ‘ఎవడీ రాక్షసుడు?’ అని యడుగును. పెద్దలు కథ చెప్పుదురు. ఈ జాతి యాటయే పందొమ్మిదవ శతాబ్ది చివర ఇంగ్లండునకు జేరెను. 1943లో అమెరికాలో పాములకు బదులు జారుడుబల్లలు వచ్చెను. మన పిల్లలు నేడు అంగడిలో కొను పటములు పెక్కింటిలో అంకెలే గాని పేర్లు లేవు. ఆట నిలిచినది. అడుగవలసిన ప్రశ్న జారిపోయినది.

పొడుపుకథల సంగతియు నట్టిదే. మా అనకాపల్లి ప్రాంతమున బెల్లము వండు దినములలో, చెరకుపిప్పి మంటపై పెనములోని పాకము ఉడుకుచుండగా, ప్రొద్దుపోవుటకు ఒకరినొకరు పొడుపుకథలు అడుగుట నేను చిన్ననాట వింటిని. ఆ తీరున నేనొకటి కట్టి చెప్పెదను: ‘వంగి త్రాగును, లేచి కక్కును, ఎంత త్రాగిన దప్పి తీరదు.’ మీరు వెంటనే ఏతామని యందురు. నా మనుమని అడిగితిని. వాడు ఎక్కాలపుస్తకము నంతయు ఒప్పజెప్పగలడు గాని దీనికి నోరు మెదపలేదు. వాని కన్నులు ఏతామును చూడలేదు. చూడనిదాని పోలికను వాడెట్లు పట్టగలడు? అది మందబుద్ధి గాదు. మోటారు వచ్చి ఏతాము పోయినది. దానితోడ పొడుపుకథయు మూగవోయినది.

ఇక మా యౌవనపు చిల్లర సంగతులు. 1963లో విశాఖపట్టణమున ఆకాశవాణి కేంద్రము ఏర్పడెను. సింహళపు రేడియోనుండి మీనాక్షీ పొన్నుదురై గారు తెలుగు పాటలు వినిపించుచుండిరి. సినిమాహాలు వద్ద పాటల పుస్తకములు అమ్మెడివారు. ఈ పాట ఎవరు వ్రాసిరి, ఎవరు పాడిరి, ఏ చిత్రములోనిది అని మేము పందెములు వేసికొనెడివారము. మాకు శతకములు చెప్పిన పెద్దలకు అది పనికిమాలిన జ్ఞానము. నేడు మన మనుమలు క్రికెట్టు లెక్కలను, సెల్‌ఫోనులోని ఆటల పేర్లను వల్లించుచుండ మనమును ఆ మాటయే యనుచున్నాము. ఏ తరమునకు ఆ తరపు చిల్లర సంగతులు ప్రియములు. అవి ఆ తరమువారు ఒకరినొకరు గుర్తుపట్టు ఆనవాళ్లు.

రెండు తరములను గలుపు ప్రశ్నలును గలవు. శశిరేఖ వ్యాసభారతమున ఏ పర్వములో వచ్చును? సభలో ఈ ప్రశ్న వేసిచూడుడు, పలువురు తడుముకొందురు. వ్యాసభారతమున ఆమె లేనేలేదు. జనుల నోటి కథలలో పుట్టి, నాటకములకెక్కి, సురభివారి రంగస్థలముపై వెలసి, 1936లో ఒకమారు, 1957లో కె.వి. రెడ్డిగారి మాయాబజారుగా మరొకమారు చలనచిత్రమైన కథ యది. ఈ యొక్క ప్రశ్నలో పండితునికి భారతము, తాతకు నాటకము, తండ్రికి సినిమా గలవు. మనుమడు అందరి వద్దను వినును.

మాయాబజారున ఘటోత్కచుడెవరన్న సెల్‌ఫోను నిమిషములో ఎస్వీ రంగారావని చెప్పును. కాని మీ యూరి గెడ్డకు ఆ పేరెట్లు వచ్చెను? చెరువుగట్టున కూలిన సత్రమును కట్టించినదెవరు? మీ కళ్లములో తొలుత నూర్చిన వరి రకము పేరేమి? ఇవి ఏ పెట్టెలోను లేవు. బదులెరిగినవారు పోయిన పిమ్మట ప్రశ్న యడుగువాడును ఉండడు. మన నష్టము ఇచ్చటనున్నది.

కావున పెద్దలకు నాదొక విన్నపము. పాత శుభలేఖల వెనుకవైపు తెల్లగా నుండును. వానిని ముక్కలుగా కత్తిరించి, ముక్కకొక ప్రశ్నగా వ్రాయుడు. ఊరు, పంట, పండుగ, పురాణము, పాట, ఆట అని ఆరు విషయములు చాలును. సగము ప్రశ్నలు మీరు వ్రాయుడు. సగము పిల్లలచే వ్రాయింపుడు. వారి ప్రశ్నలకు మీరు ఓడుదురు, సిగ్గుపడకుడు. మీ ప్రశ్నలకు వారు ఓడుదురు, ఎగతాళి చేయకుడు. ఒక్క నియమము మాత్రము విడువరాదు: బదులు తెలిసినను తెలియకున్నను, అడిగినవాడు ఆ ప్రశ్న వెనుకనున్న కథను చెప్పియే తీరవలెను. రాబోవు సంక్రాంతికి పిల్లలు ఇంటికి వచ్చుసరికి నూరు ముక్కలు సిద్ధము చేయుడు. మొదటి ముక్కపై మీ వీధి పేరు వ్రాసి, ఆ పేరెందుకు వచ్చెనని యడుగుడు.