రెండు రికార్డులు... ఒకే తాళం!

1979 జులై 12. అమెరికాలోని షికాగో నగరం. కామిస్కీ పార్క్ బేస్‌బాల్ స్టేడియం దగ్గర జనం బారులు తీరారు. ఆరోజు టిక్కెట్టు 98 సెంట్లే. డాలరు కూడా కాదు! కాకపోతే ఒక షరతు... వచ్చేవాళ్లు ఇంట్లోంచి ఓ డిస్కో రికార్డు తెచ్చి ఇవ్వాలి. రెండు మ్యాచ్‌ల మధ్య విరామంలో వాటన్నిటినీ మైదానంలో పెట్టి పేల్చేస్తారు. డిస్కో అంటే గిట్టని స్టీవ్ డాల్ అనే రేడియో వ్యాఖ్యాత నడిపించిన తంతు అది.

ఆ సాయంత్రం ప్రేక్షకులకు సీట్లు చూపించే పనిలో ఉన్నాడు విన్స్ లారెన్స్ అనే నల్లజాతి కుర్రాడు. ఇంకా స్కూలు వయసే. సింథసైజర్ కొనుక్కోవాలని అతడి కల. దానికి డబ్బు కూడబెట్టడానికే ఈ పని. జనం తెచ్చిన రికార్డుల్లో ఒకటీ అరా తనకూ దొరక్కపోతాయా అని ఆశపడ్డాడు కూడా. తీరా చూస్తే ఆ అట్టల మీద మార్విన్ గే, స్టీవీ వండర్ లాంటివాళ్ల పేర్లున్నాయి! వాళ్లవి డిస్కో పాటలు కావు. అయినా తెచ్చేశారు. నల్లవాళ్లు పాడితే చాలు, పేల్చేయాల్సిన జాబితాలోకి చేరిపోయినట్టే అని ఆ కుర్రాడికి అర్థమైపోయింది.

పేలుడు జరిగింది. వేలమంది గోడలు దూకి మైదానంలోకి వచ్చిపడ్డారు. పోలీసులు దిగాల్సి వచ్చింది. మైదానం పాడైపోవడంతో రెండో మ్యాచ్ జరగనే లేదు. ఆతిథ్య జట్టు ఓడిపోయినట్టు ప్రకటించారు. ‘డిస్కో చచ్చిపోయింది’ అని సంబరపడ్డారు చాలామంది.

కానీ అదే ఊళ్లో, ఆ స్టేడియానికి కొద్ది మైళ్ల దూరంలోనే ఓ పాత భవనంలో ప్రతి శనివారం రాత్రీ అదే సంగీతం కొత్త రూపు దిద్దుకుంటోంది. తర్వాత ప్రపంచాన్ని చుట్టేసిన ‘హౌస్’ సంగీతం కథ అది. దాన్ని పెంచి పెద్దచేసింది పెద్ద కంపెనీలు కాదు. జేబులో డబ్బుల్లేని కుర్రాళ్లు!

పేరు ఇచ్చిన గిడ్డంగి

ఫ్రాంకీ నకుల్స్ న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో 1955లో పుట్టాడు. టీనేజీలోనే ల్యారీ లెవాన్ అనే స్నేహితుడితో కలిసి క్లబ్బుల చుట్టూ తిరుగుతూ రికార్డులు వేయడం నేర్చుకున్నాడు. 1977లో షికాగోలో ‘వేర్‌హౌస్’ పేరుతో ఓ క్లబ్బు మొదలుపెట్టిన రాబర్ట్ విలియమ్స్ మొదట పిలిచింది లెవాన్‌నే. అతను రానన్నాడు. ఆ అవకాశం ఫ్రాంకీకి దక్కింది. అప్పటికి అతడికి 22 ఏళ్లు.

సౌత్ జెఫర్సన్ వీధిలో 206 నంబరు భవనం అది. అక్కడికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది నల్లజాతి, లాటినో యువకులు. వాళ్లలోనూ చాలామంది స్వలింగ సంపర్కులు. రంగు వల్ల కొన్నిచోట్లా, తమ తీరు వల్ల మరికొన్నిచోట్లా తలుపులు మూసుకుపోయినవాళ్లు. ఇక్కడ మాత్రం ఎవరూ ఎవర్నీ ‘నువ్వెవరు’ అని అడగరు. మద్యం ఉండదు, పళ్లరసాలే. శనివారం రాత్రి మొదలైన డ్యాన్సు ఆదివారం పొద్దెక్కినా ఆగేది కాదు. ఫ్రాంకీ ఆ హాలునే చర్చితో పోల్చేవాడంటే వాళ్లకది ఎంత ముఖ్యమో ఊహించుకోవచ్చు.

డిస్కో మీద వ్యతిరేకత పెరగడంతో రికార్డు కంపెనీలు ఆ తరహా పాటలు తీయడం తగ్గించేశాయి. కొత్త సరుకు లేదు. మరి డ్యాన్సుకు వచ్చేవాళ్లకి ఏం వినిపించాలి? ఫ్రాంకీ పాత పాటల్నే తీసుకుని, రీలు టేపు మీదకి ఎక్కించి, బ్లేడుతో కోసి, అతికించి పొడవు పెంచేవాడు. పాటలో జనం ఊగిపోయే చోటు పది సెకన్లే ఉంటే దాన్ని రెండు నిమిషాలు చేసేవాడు. దీపాలన్నీ ఆర్పేసి, రైలుబండి చప్పుడు రికార్డు వేసి హాల్లోంచి రైలు దూసుకుపోతున్న భ్రమ కల్పించేవాడు.

ఊళ్లోని రికార్డుల దుకాణానికి వెళ్లి ‘వేర్‌హౌస్‌లో వేసే పాటలు కావాలి’ అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఆ మాటే వాడుకలో పొట్టిదై ‘హౌస్’ అయిందంటారు. గిడ్డంగి పేరు ఓ సంగీతానికి ఇంటిపేరైంది!

రేడియో ముందు క్యాసెట్‌తో...

ఆ క్లబ్బు సంగీతాన్ని నగరం దక్షిణాన ఉన్న హైస్కూలు పార్టీలకు మోసుకొచ్చింది వేన్ విలియమ్స్ అనే టీనేజీ కుర్రాడు. అతడు 1977లో మొదలుపెట్టిన ‘చోజెన్ ఫ్యూ’ అనే బృందంలో తర్వాత అతడి సవతి తమ్ముడు జెస్సీ సాండర్స్, మరికొందరు స్నేహితులూ చేరారు. స్కూళ్ల జిమ్ హాళ్లలో, అద్దె హాళ్లలో వీళ్ల పార్టీలు జరిగేవి.

క్లబ్బుకి వెళ్లే వయసు లేని పిల్లలకు దిక్కు రేడియోనే. 1981 నుంచి డబ్ల్యూబీఎంఎక్స్ అనే ఎఫ్ఎం స్టేషన్‌లో ‘హాట్ మిక్స్ ఫైవ్’ అనే అయిదుగురు డీజేలు పాటకీ పాటకీ మధ్య ఖాళీ లేకుండా అల్లుకుంటూ పోయేవాళ్లు. రేడియోలో క్యాసెట్ పెట్టి, రికార్డు బటన్ మీద వేలు పెట్టుకుని కూర్చోవడం షికాగోలో ఒక తరానికి తీపి గుర్తు. మనదగ్గర వివిధ భారతిలో నచ్చిన పాట కోసం టేప్‌రికార్డర్ ముందు కాపు కాసినవాళ్లకి ఆ ఆత్రం వేరే చెప్పక్కర్లేదు! ఆ క్యాసెట్లు తోటి పిల్లల చేతులు మారేవి. పదేపదే విని, ఏ పాట ఎక్కడ ఆగి ఏది మొదలైందో పట్టుకునేవాళ్లు. అదే వాళ్లకు బడి.

చెవికీ చేతికీ పరీక్ష

డీజే అనగానే మనకు పెళ్లి ఊరేగింపులో వ్యాను మీద కట్టిన స్పీకర్లు గుర్తొస్తాయి. పాట తర్వాత పాట పెట్టేయడమేగా అనిపిస్తుంది. నిజానికి అదో విద్య.

టర్న్‌టేబుళ్లు రెండు, మధ్యలో మిక్సర్. ఒక రికార్డు హాల్లో మోగుతుంటుంది. రెండోది డీజే హెడ్‌ఫోన్‌లో మాత్రమే వినిపిస్తుంది. ఒక చెవి హాలుకి, ఒక చెవి హెడ్‌ఫోన్‌కి అన్నమాట. మోగుతున్న పాట వేగం నిమిషానికి 120 దెబ్బలు అనుకోండి. అంటే సెకనుకు రెండు. రెండో పాటది 116. రెండూ కలిపి వదిలితే పావు నిమిషంలో ఒక దెబ్బ తేడా వచ్చేస్తుంది. అప్పుడు వినిపించేది సంగీతం కాదు, గుర్రపు డెక్కల చప్పుడే! డ్యాన్స్ చేసేవాళ్ల కాలు తడబడుతుంది. ఒక్కొక్కరే పక్కకి తప్పుకుంటారు. నేర్చుకునే కుర్రాడికి అంతకన్నా పెద్ద అవమానం ఉండదు.

దీనికి మందు టర్న్‌టేబుల్ పక్కన ఉండే జారుడు మీట. 1979లో వచ్చిన టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 ఎంకే2 మోడల్లో ఈ మీటతో వేగాన్ని 8 శాతం దాకా పెంచొచ్చు, తగ్గించొచ్చు. 116ని 120 చేయాలంటే దాదాపు మూడున్నర శాతం పెంచాలి. ఎంత పెంచాలో చెప్పే తెర ఏమీ ఉండదు. చెవే చెప్పాలి! ఇందులో బెల్టు లేకుండా పళ్లెం నేరుగా మోటారు మీదే తిరుగుతుంది. కాబట్టి వేలితో నిమిరి కాస్త ఆపినా క్షణంలో మళ్లీ వేగం అందుకుంటుంది. పళ్లానికీ రికార్డుకీ మధ్య ఫెల్టు గుడ్డ వేస్తారు. దానివల్ల కింద పళ్లెం తిరుగుతున్నా పైన రికార్డును వేలితో పట్టి ఉంచి, సరైన దెబ్బ మీద వదలొచ్చు.

వేగం కలిస్తే చాలదు, చోటు కూడా కలవాలి. హౌస్ పాటలు నాలుగేసి దెబ్బల లెక్కలో నడుస్తాయి. చాలావాటిలో 32 దెబ్బలకోసారి మలుపు వస్తుంది. మన ఆదితాళంలో చెప్పాలంటే నాలుగు ఆవర్తనాలు. సెకనుకు రెండు దెబ్బల వేగంలో సరిగ్గా 16 సెకన్లు. ఆ మలుపు దగ్గర కొత్త పాట ఎత్తుకుంటే పాట మారిన సంగతే వినేవాళ్లకి తెలియదు. వేళ్లమీద తాళం వేసుకుంటూ పెరిగిన మన పిల్లలకు ఈ లెక్క కొత్తేమీ కాదు.

దొంగలు చేసిన మేలు

చోజెన్ ఫ్యూలో చేరిన జెస్సీ సాండర్స్ మంచి డీజేగా పేరు తెచ్చుకున్నాడు. అతడి దగ్గర ‘ఆన్ అండ్ ఆన్’ అనే రికార్డు ఉండేది. అతడి కార్యక్రమానికి అదే గుర్తు. ఓ రోజు దొంగలు పడి రికార్డులన్నీ ఎత్తుకుపోయారు. అదీ పోయింది. ఇంకొకరైతే చేతులెత్తేసేవారేమో. జెస్సీ మాత్రం ‘నా పాట నేనే చేసుకుంటా’ననుకున్నాడు. డ్రమ్ములు మోగించే రోలాండ్ టీఆర్-808 మిషను, సింథసైజర్ ముందేసుకుని కూర్చున్నాడు. పాట కట్టడంలో తోడు నిలిచిందెవరో తెలుసా? స్టేడియంలో సీట్లు చూపించిన విన్స్ లారెన్స్! 1984లో వచ్చిన ఆ ‘ఆన్ అండ్ ఆన్’నే మార్కెట్లోకి వచ్చిన తొలి హౌస్ రికార్డుగా చాలామంది చెబుతారు. ‘అతనే చేయగలిగితే మనమెందుకు చేయలేం’ అని నగరంలో కుర్రాళ్లందరికీ ధైర్యం వచ్చింది.

తపాలాశాఖలో రాత్రి డ్యూటీ చేసే మార్షల్ జెఫర్సన్‌కి కీబోర్డు సరిగా వాయించడం రాదు. అయితేనేం? పియానో స్వరాల్ని బాగా నెమ్మదిగా వాయించి, మిషనులో ఎక్కించి, తర్వాత వేగం పెంచాడు. అదే 1986 నాటి ‘మూవ్ యువర్ బాడీ’. మరుసటి ఏడాది జనవరిలో స్టీవ్ హర్లీ చేసిన ‘జాక్ యువర్ బాడీ’ ఏకంగా బ్రిటన్ పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరింది.

గిటార్ వాద్యకారుల సాధనకు తోడుగా రోలాండ్ తయారుచేసిన టీబీ-303 మిషను మార్కెట్లో తుస్సుమంది. 1984కల్లా ఉత్పత్తి ఆపేశారు. షికాగో కుర్రాళ్లు ముగ్గురు ‘ఫ్యూచర్’ పేరుతో కూడి, దాని మీటల్ని అటూ ఇటూ తిప్పుతూ ఓ వింత ధ్వని పుట్టించారు. ఆ టేపును రాన్ హార్డీ అనే డీజే తన క్లబ్బులో వేస్తే మొదటిసారి జనం పక్కకెళ్లిపోయారు. అతను వదల్లేదు. ఆ రాత్రే నాలుగుసార్లు వేశాడు. నాలుగోసారికి హాలు ఊగిపోయింది! 1987లో ‘యాసిడ్ ట్రాక్స్’గా విడుదలైంది అదే.

విచిత్రమేమిటంటే అవే 808, 303 మిషన్ల మీద అంతకు అయిదేళ్లముందే ముంబయిలో ఒకాయన భైరవ్, తోడి, మాల్కౌంస్ రాగాలు వాయించారు. హిందీ సినిమా ఆర్కెస్ట్రాల్లో పనిచేసిన చరణ్‌జీత్ సింగ్ 1982లో చేసిన ఆ పది రాగాల రికార్డును అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదలైనప్పుడు ప్రపంచమంతా ముక్కున వేలేసుకుంది. 2015లో కన్నుమూసేలోగా ఆయన విదేశీ వేదికల మీద అవే రాగాలు వాయించి చప్పట్లు అందుకున్నారు.

అదే వీధి... అదే పేరు

గ్రామీ అవార్డుల్లో 1998లో రీమిక్స్ చేసేవాళ్లకు కొత్తగా బహుమతి పెడితే మొట్టమొదటగా అందుకున్నది ఫ్రాంకీ నకుల్స్. 2004లో షికాగో నగరం వేర్‌హౌస్ ఉన్న వీధికి గౌరవసూచకంగా ఆయన పేరు పెట్టింది. 2014లో, 59 ఏళ్ల వయసులో ఆయన చనిపోయారు. 2023లో ఆ భవనాన్ని నగరం రక్షిత కట్టడంగా ప్రకటించింది. ఎవరికీ పట్టని కుర్రాళ్లు తలదాచుకున్న చోటును కూలగొట్టకుండా కాపాడుకోవాలని ఊరే తీర్మానించింది!

చోజెన్ ఫ్యూ కుర్రాళ్లు ఇప్పుడు పెద్దవాళ్లయ్యారు. వాళ్లలో ఒకరు లాయరు కూడా. 1990లో కుటుంబ వనభోజనంలా మొదలుపెట్టిన వాళ్ల వేడుకకు తర్వాత్తర్వాత వేలల్లో జనం రావడం మొదలైంది. జులైలో, షికాగో జాక్సన్ పార్కులో, చెట్లకింద గుడారాలు వేసుకుని, వంటలు చేసుకుని, మనవలూ తాతలూ కలిసి ఆ పాటలకే అడుగులేస్తారు. నలభై ఏళ్లక్రితం రేడియో ముందు క్యాసెట్ పట్టుకుని కూర్చున్న పిల్లలే ఆ తాతలు!