మోటారు సైకిలు స్ప్రింగుల సవరణ

వేగముగా పోవు స్పోర్ట్స్ మోటారు సైకిలును కొనువారు ఇంజను బలమును గురించి విచారింతురు. చక్రమునకును చట్రమునకును నడుమనున్న స్ప్రింగులను తలచువారు అరుదు. మలుపులో బండిని కాపాడునది నేలపై టైరునకు గల పట్టు. గతుకు తగిలినప్పుడు చక్రము నేలను విడువకుండ చూచునవి ఆ స్ప్రింగులే. కావున ఇది సుఖమునకే కాదు, ప్రాణమునకును సంబంధించిన విషయము.

కర్మాగారమున సగటు బరువు గల మనిషిని దృష్టిలో నుంచుకొని బండిని అమర్చుదురు. కాని నడపువారిలో ఒకరు 50 కిలోలు, వేరొకరు 90 కిలోలు ఉండవచ్చును. వెనుక మరియొకరు కూర్చుండినచో వెనుకభాగము దిగి, ముందు చక్రముపై భారము తగ్గి, దీపపు వెలుగు పైకి లేచును. కావున బండిని మన బరువునకు సరిచేసికొనుట మొదటి పని.

టైర్లలోని గాలిని ముందుగా సరిచూడవలెను. పిమ్మట వెనుక చక్రమును నేలకు తగులకుండ ఎత్తి, ఇరుసునుండి సీటు క్రింద నొక గుర్తు వరకు టేపుతో కొలువవలెను. తరువాత, ఇంకొకరు బండిని నిటారుగా పట్టుకొనగా, నడపువారు ఎక్కి కూర్చుండవలెను. అప్పుడు మరల కొలువవలెను. ఈ రెండు కొలతల భేదమే దిగుబాటు. సుమారు 120 మిల్లీమీటర్ల కదలిక గల చక్రమునకు రహదారిపై 30 నుండి 35 మిల్లీమీటర్ల దిగుబాటు తగును. ఎక్కువైనచో స్ప్రింగు కొననున్న రింగును పానాతో బిగించవలెను. తక్కువైనచో వదులు చేయవలెను.

రింగును బిగించిన స్ప్రింగు గట్టిపడునని పలువురు తలచుదురు. మేమును చాలకాలము అట్లే తలచితిమి. అది పొరపాటు. స్ప్రింగు గట్టిదనము దాని తీగ మందమును, చుట్లను బట్టి యుండును. బిగించుటచే మారునది బండి నిలుచు ఎత్తు మాత్రమే. మనిషి కూర్చున్నప్పుడు దిగుబాటు సరిగా నుండి, మనిషి దిగిన పిమ్మట బండి తన బరువునకు ఏమాత్రము దిగకున్నచో, ఆ స్ప్రింగు ఆ మనిషికి చాలనంత మెత్తనిది. దానిని మార్చవలసినదే.

స్ప్రింగు ఊయెల వంటిది. వదలినచో ఊగుచునే యుండును. ఆ ఊపును అణచునది నూనె. చిమ్మనగ్రోవి రంధ్రము సన్నమైనకొలది నీటిని నెట్టుట కష్టమగును గదా! ఇచటను అంతే. మరను త్రిప్పినచో నూనె దారి ఇరుకగును, లేక వెడల్పగును. సీటును గట్టిగా నొక్కి వదలినప్పుడు బండి ఒక్కసారి లేచి నిలువవలెను. రెండు మూడు సార్లు ఊగినచో నిరోధము చాలలేదు. మరీ మెల్లగా లేచినచో నిరోధము హెచ్చినది. వరుస గతుకులపై చక్రము తిరిగి రాకమునుపే మరియొక గతుకు తగిలి, వెనుకభాగము క్రమముగా క్రుంగిపోవును.

మరను త్రిప్పుటకు ముందు, అది పూర్తిగా మూతపడువరకు ఎన్ని టిక్కులు వినవచ్చునో లెక్కించి వ్రాసికొని, మరల యథాస్థానమునకు తేవలెను. ఒక్క తడవకు ఒక్క మార్పే చేసి, ఎరిగిన బాటపై మెల్లగా నడిపి చూడవలెను. రెండింటిని ఒకేసారి మార్చినచో మేలు చేసినదేదో, కీడు చేసినదేదో తెలియదు.

ఈ పనికి కావలసినవి టేపు, పానా, ఒక చిన్న పుస్తకము, బండిని పట్టుకొనుటకు ఇంటిలోని వారొకరు. మిగిలినది ఓపిక.