చంటిపిల్లలకు ట, త తేడా తెలుసా?

మాటలు రాని బిడ్డకు ఏం తెలుసో కనుక్కోవడం ఎలా? పిల్లల ఎదుగుదల మీద వచ్చిన సిద్ధాంతాలకు మొదటి చిక్కు ఇదే. స్విట్జర్లాండులో జాఁ పియాజే తన ముగ్గురు పిల్లలను పసితనం నుంచీ దగ్గరుండి గమనించి, చూసిందల్లా రాసుకుని, అందులోంచే పెద్ద సిద్ధాంతం కట్టాడు. గుడ్డ కింద దాచిన బొమ్మ కోసం బిడ్డ వెతకకపోతే, కంటికి కనబడనిది కూడా ఉంటుందన్న ఎరుక ఇంకా రాలేదని ఆయన లెక్క. చెయ్యి చాచి గుడ్డ లాగడం చేతకాని పసికందుకు కూడా ఆ ఎరుక ఉండొచ్చు కదా అని తరవాతివాళ్లు అడిగారు. అడిగి ఊరుకోకుండా కొత్త దారులు వెతికారు.

1971లో అమెరికాలో పీటర్ ఐమస్ బృందం నెల, నాలుగు నెలల పిల్లల నోట్లో పీక పెట్టింది. ఆ పీకకు ఒత్తిడి కొలిచే సాధనం అమర్చి ఉంది. బిడ్డ గట్టిగా చప్పరించినప్పుడల్లా ‘బ’ అని వినబడుతుంది. కొత్తలో జోరుగా చప్పరిస్తారు, కాసేపటికి విసుగొచ్చి మందగిస్తారు. అప్పుడు ‘ప’ వినిపిస్తే మళ్లీ జోరందుకుంటారు. అంటే తేడా తెలిసిందన్నమాట! పసిపిల్లల విసుగును కూడా సాక్ష్యంగా వాడుకోవచ్చని తట్టడం, నా మటుకు నాకు, ఈ రంగంలోకెల్లా గొప్ప తెలివి.

మనకు బాగా దగ్గరి సంగతి కెనడాలోని వాంకూవర్‌లో తేలింది. జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రచురించిన ఆ పరిశోధనలో వాడిన ధ్వనుల్లో హిందీ ‘ట’, ‘త’ ఉన్నాయి. తెలుగులోనూ ఉన్న జంటే. ఇంగ్లీషు ఒక్కటే విని పెరిగిన పెద్దవాళ్ల చెవికి ఆ రెండూ ఒకటిగానే వినిపిస్తాయి. తాతయ్యను ‘టాటయ్య’ చేసే మనవలున్న ఇళ్లు మనలో తక్కువేం కావు.

పరీక్ష ఇలా సాగుతుంది. బిడ్డ తల్లి ఒళ్లో కూర్చుంటుంది. స్పీకరులో ఒకే శబ్దం మళ్లీ మళ్లీ వస్తుంటుంది. శబ్దం మారినప్పుడు బిడ్డ తల తిప్పితే పక్కనున్న పెట్టెలో దీపం వెలిగి బొమ్మ జంతువు ఆడుతుంది. తల్లి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి సంగీతం వినిపిస్తారు. లేకపోతే ఆమెకు తెలియకుండానే ఒళ్లు కదిలి, అదే బిడ్డకు సైగ అయిపోతుంది. శబ్దం మారనప్పుడు కూడా బిడ్డ తల తిప్పుతోందేమో లెక్క చూస్తారు, ఊరికే దిక్కులు చూసే పిల్లలుంటారు కనుక.

ఇంగ్లీషు ఇళ్లలో ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు చాలామంది ఆ తేడా పట్టేశారు. పది, పన్నెండు నెలల వయసుకు పట్టగలిగినవాళ్లు కొద్దిమందే. అయితే ఒక్కో వయసుకు ఒక్కో గుంపును తీసుకుంటే, ఆ గుంపుల మధ్య వయసు కాక ఇంకేదైనా తేడా ఉండొచ్చు. అందుకే కొందరు పిల్లలను మాత్రం నెలల తరబడి వెంటాడి మళ్లీ మళ్లీ పరీక్షించారు. వాళ్లలోనూ అదే జరిగింది. హిందీ మాట్లాడే ఇళ్ల పిల్లలు మాత్రం ఏడాది దగ్గరపడ్డా ఆ తేడాను గుర్తించారు.

అన్నీ చుట్టుపక్కల నుంచి నేర్చుకునేవే అన్నవాళ్లకూ, అంతా పుట్టుకతో వచ్చేదే అన్నవాళ్లకూ ఈ ఫలితం కాస్త ఇబ్బందే. బిడ్డ ముందు ఎక్కువ వినగలుగుతుంది, పోనుపోను తన ఇంటి భాషకు సరిపడా కుదించుకుంటుంది.

దీన్ని పట్టుకుని, ఏడాది దాటితే తలుపు మూసుకుపోతుందని తల్లిదండ్రులను బెదిరించేవాళ్లను చూస్తే నాకు ఒళ్లుమంట. అదే 1984లో టీస్, వర్కర్ మరో సంగతి బయటపెట్టారు. పసితనంలో ఏడాదో రెండేళ్లో హిందీ విని, ఆ తరవాత ఇంగ్లీషులోనే పెరిగినవాళ్లు పెద్దయ్యాక హిందీ పాఠాలకు చేరితే ‘ట’, ‘త’ తేడా వాళ్లకు ఇట్టే దొరికింది. చిన్నప్పుడు ఆ భాష సోకనివాళ్లలో చాలామందికి ఏడాది చదివినా దొరకలేదు.

మరి తెలుగు పాటల వీడియో పెట్టి బిడ్డను దాని ముందు కూర్చోబెడితే సరిపోతుందా? సియాటిల్‌లో ప్యాట్రిషియా కుల్ బృందం 2003లో ప్రచురించిన పరిశోధన చదివితే అనుమానం రాక మానదు. ఇంగ్లీషు ఇళ్ల తొమ్మిది నెలల పిల్లలతో చైనీస్ మాండరిన్ మాట్లాడేవాళ్లు పన్నెండుసార్లు, సారికి ఇరవై అయిదు నిమిషాల చొప్పున, ఆడుతూ పుస్తకాలు చదివి వినిపించారు. మాండరిన్ ధ్వనుల తేడాను ఆ పిల్లలు తైవాన్ పిల్లలకు దీటుగా గుర్తించారు. అవే మాటలు, అవే మనుషులు డీవీడీలో కనిపించినప్పుడు ఏమీ అంటలేదు. పిల్లలు మనుషుల సావాసంలోనే నేర్చుకుంటారన్న రష్యన్ మనస్తత్వవేత్త లెవ్ విగోట్స్కీ మాటకు ఇది బలం.

రెండు భాషలు నేర్పితే పిల్లలు తికమకపడతారన్న భయం కూడా చాలావరకు పద్ధతి తెచ్చిన తంటాయే. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో అమెరికాలో పేద వలస కుటుంబాల పిల్లలను ఇంగ్లీషులో పరీక్షించి, మార్కులు తగ్గితే ఆ నేరం రెండో భాష మీద వేశారు. 1962లో మాంట్రియల్‌లో ఎలిజబెత్ పీల్, వాలస్ లాంబర్ట్ ఒకే స్థాయి కుటుంబాల నుంచి పదేళ్ల పిల్లలను తీసుకుని పోల్చారు. రెండు భాషలవాళ్లే ముందున్నారు. మన సభల్లో ఎవరైనా ‘రెండు భాషలొస్తే తెలివి పెరుగుతుంది’ అంటే, ఆ మాట వెనక చాలాసార్లు ఇలాంటి ఫలితమే ఉంటుంది. కానీ పీల్, లాంబర్ట్ ఎంచుకున్నది రెండు భాషలూ సమానంగా పట్టుబడ్డ పిల్లలనే. రెండు భాషల వల్ల తెలివి పెరిగిందా, చురుకైన పిల్లలకే రెండూ సమానంగా వచ్చాయా అన్నది ఆ లెక్కతో తేలదు.