గట్టు మీది ఇంటి నుంచి పడవకు వై-ఫై

కడప జిల్లాలో పడవ గురించి వ్యాసమా అని నవ్వకండి! ఏడాదిలో చాలాకాలం ఇసుకే కనిపించే పెన్నానదిలో పడవేమిటని అనుకుంటున్నారు కదూ? కాని గండికోట దగ్గర ఆ నదికి అడ్డంగా కట్టిన జలాశయం 26.85 టి.ఎం.సి.ల నీరు పట్టగలదు. ఒక టి.ఎం.సి. అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. శ్రీశైలం దగ్గర ఆగిన కృష్ణానీరు గాలేరు-నగరి కాలువల గుండా ఇక్కడిదాకా వస్తుంది. నీరున్న చోట చేపలుంటాయి, చేపలున్న చోట పడవలుంటాయి.

ఇలాంటి జలాశయం గట్టున ఒక మిద్దె ఇల్లు ఉందనుకుందాం. ఇంట్లో ఇంటర్నెట్ ఉంది. రౌటరు గదిలో గోడకు తగిలించి ఉంది. ఇంటికి 200 మీటర్ల దూరంలో, నీటిలో పాతిన గుంజకు పడవ కట్టి ఉంది. వలలకు కాపలాగా ఇంటాయన రాత్రంతా ఆ పడవలోనే ఉంటాడు. కొండల మధ్య సెల్‌ఫోన్ టవరు సంకేతం అందడం లేదు. గాలివాన వస్తుందన్న హెచ్చరిక ఇంట్లోవాళ్లకు తెలిసింది. పడవలో ఉన్న ఆయనకు తెలిసేదెలా? ఇంటి వై-ఫైని పడవదాకా పంపగలమా?

"రౌటరు బలం పెంచితే సరి" అని చాలామంది అంటారు. అది నిజమో కాదో చూద్దాం.

బలం తక్కువా?

ఇంటి రౌటరు వెదజల్లే రేడియో శక్తి సాధారణంగా ఒక వాటులో పదో వంతు. మనం వాడే 9 వాట్ల ఎల్‌ఇడి బల్బు తీసుకునే శక్తిలో ఇది 90వ వంతు మాత్రమే! పైగా దూరం పెరిగేకొద్దీ తరంగాలు పలచబడిపోతాయి. దూరం రెట్టింపయితే అందే శక్తి నాలుగో వంతు అవుతుంది. 5 మీటర్ల దూరంలో అందిన దానితో పోలిస్తే 200 మీటర్ల దూరంలో అందేది 1600వ వంతే.

అయినా భయపడనక్కరలేదు. ఫోనులోని గ్రాహకం చెవి చాలా సునిశితమైనది. రౌటరు పంపిన శక్తిలో వెయ్యి కోట్లలో ఒక వంతు అందినా అది సందేశాన్ని పోల్చుకోగలదు. దారిలో అడ్డేమీ లేకపోతే 200 మీటర్లు దానికి ఒక లెక్క కాదు.

అయితే దారిలో అడ్డుంది. కడప బండలతో, రాళ్లతో కట్టిన ఇళ్లు వేసవిలో చల్లగా ఉంటాయి గాని, రేడియో తరంగాలకు ఆ మందపాటి గోడలే శత్రువులు. ఒక్కొక్క గోడ దాటేసరికి తరంగం చాలా శక్తిని పోగొట్టుకుంటుంది. కనుక మొదటి పని, తరంగాలు పంపే పరికరాన్ని గదిలోంచి తీసి మిద్దె మీద, పడవ కంటికి కనబడే చోట పెట్టడం. రౌటరు నుంచి అక్కడికి ఈథర్‌నెట్ తీగ లాగవచ్చు. ఈ తీగ 100 మీటర్ల వరకు పనికి వస్తుంది. పైనున్న పరికరానికి కావలసిన కరెంటు కూడా అదే తీగలో పోయే ఏర్పాటుంది.

అరిస్తే చాలదు, వినాలి కూడా

ఊరిలో మైకు పెట్టి పిలిస్తే పొలంలో ఉన్నవాడికి వినబడుతుంది. కాని పొలంలో ఉన్నవాడు మామూలు గొంతుతో బదులు పలికితే మైకు దగ్గర ఉన్నవాడికి వినబడదు కదా! ఇంటర్నెట్ కూడా సంభాషణ వంటిదే. పడవలోని ఫోను ప్రతి సందేశానికీ "అందింది" అని బదులు చెప్పాలి. అందుకే రౌటరు బలం ఒక్కటే పెంచితే ఫోను మీద గీతలు నిండుగా కనిపిస్తాయి గాని పని జరగదు.

మరి మార్గం? దూరంగా ఉన్న మనిషిని పిలిచేటప్పుడు మీరు రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుంటారు. బదులు వినడానికి అరచేతిని చెవి వెనక పెట్టుకుంటారు. దిశా ఆంటెనా ఈ రెండు పనులూ చేస్తుంది. అన్ని వైపులకూ చెదిరిపోయే శక్తిని ఒకే వైపుకు మళ్లిస్తుంది, అటునుంచి వచ్చే సన్నని సంకేతాన్ని పోగుచేసి వింటుంది.

2007లో వెనెజులా దేశంలో ఎర్మానో పియెత్రోసెమోలి బృందం రెండు కొండ శిఖరాల మధ్య 382 కిలోమీటర్ల దూరం వై-ఫై సంకేతాలను పంపింది. అక్కడ ముఖ్యంగా పనిచేసినవి పెద్ద ఆంటెనాలు, అడ్డులేని దారి. మన దేశంలో 2005 జనవరి నుంచి 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫైని ఆరుబయట కూడా లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. కాని ఆంటెనా వల్ల కలిగే లాభంతో కలిపి 4 వాట్లు దాటకూడదన్నది నియమం.

నీరు చేసే మాయ

ఇప్పుడు అసలు చిక్కు వస్తుంది. ఆంటెనా మిద్దె ఎక్కింది, పడవ కనబడుతోంది. ఒక నెల అంతా బాగానే నడిచింది. వేసవి వచ్చి నీరు 3 మీటర్లు తగ్గగానే ఇంటర్నెట్ ఆగిపోయింది! పరికరం చెడలేదు. పడవ దూరం మారలేదు. ఏమైంది?

నిశ్చలమైన నీరు కాంతికే కాదు, రేడియో తరంగాలకూ అద్దం. పడవకు తరంగం రెండు దారుల్లో వస్తుంది. ఒకటి నేరుగా, రెండవది నీటి మీద పరావర్తనం చెంది. రెండవ దారి కాస్త పొడవు. పైగా నీటిని ఏటవాలుగా తాకిన తరంగం తలకిందులవుతుంది. అంటే శృంగం ద్రోణిగానూ, ద్రోణి శృంగంగానూ మారతాయి.

2.4 గిగాహెర్ట్జ్ వై-ఫై తరంగదైర్ఘ్యం సుమారు 12 సెంటీమీటర్లు. రెండు దారుల తేడా తెలుసుకోవడానికి ఒక సులువైన సూత్రముంది: నీటి మట్టం నుంచి రెండు ఆంటెనాల ఎత్తులను గుణించి, రెట్టింపు చేసి, దూరంతో భాగించాలి.

మిద్దె ఆంటెనా నీటికి 9 మీటర్ల ఎత్తున, పడవ ఆంటెనా 2 మీటర్ల ఎత్తున ఉన్నాయనుకోండి. 2 × 9 × 2 = 36. దాన్ని 200తో భాగిస్తే 0.18 మీటర్లు, అంటే 18 సెంటీమీటర్లు. ఇది ఒకటిన్నర తరంగదైర్ఘ్యాలు. తలకిందులైన తరంగం ఆ సగం తేడా వల్ల మళ్లీ సరిపడుతుంది. రెండూ కలిసి బలపడతాయి.

నీరు 3 మీటర్లు తగ్గితే పడవ నీటితోపాటే దిగుతుంది, ఇల్లు దిగదు. మిద్దె ఆంటెనా ఎత్తు 12 మీటర్లయింది. తేడా 24 సెంటీమీటర్లు, అంటే సరిగ్గా రెండు తరంగదైర్ఘ్యాలు. తలకిందులైన తరంగం తలకిందులుగానే వచ్చి నేరుగా వచ్చినదాన్ని చాలావరకు చెరిపేస్తుంది! దీనినే వ్యతికరణం అంటారు. 1834లో ఐర్లండు శాస్త్రవేత్త హంఫ్రీ లాయిడ్ ఒకే ఒక్క అద్దంతో కాంతిలో ఈ వింతను చూపించాడు. 1946లో సిడ్నీ శాస్త్రజ్ఞులు సముద్రపు నీటినే అద్దంగా చేసుకుని, సూర్యుడి నుంచి వచ్చే రేడియో తరంగాలు మచ్చలున్న చోటు నుంచి వస్తున్నాయని కనిపెట్టారు.

మన జలాశయాల్లో నీటి మట్టం 3 మీటర్లు మారడం పెద్ద వింత కాదు. నంద్యాల జిల్లాలోని సంగమేశ్వరాలయం శ్రీశైలం జలాశయం నిండితే మునిగిపోతుంది, వేసవిలో నీరు తగ్గితే బయటపడుతుంది. ఒక గుడినే దాచి చూపే నీరు వై-ఫైని దాచడంలో ఆశ్చర్యమేముంది?

ఇలాంటప్పుడు బలం రెట్టింపు చేస్తే చెరిపేసే తరంగమూ రెట్టింపవుతుంది! దానికి బదులు పడవ ఆంటెనాను అర మీటరు కిందికి దించి చూడండి. 2 × 12 × 1.5 = 36. మళ్లీ 18 సెంటీమీటర్లు వచ్చింది. సంకేతం తిరిగి వచ్చేస్తుంది! అందుకే నీటి మీదుగా సంకేతాలు పంపేవారు వేర్వేరు ఎత్తుల్లో రెండు ఆంటెనాలు పెడతారు. ఒకటి మూగబోతే రెండవది వింటుంది.

పడవలో ఏముండాలి?

పడవ తాడు చుట్టూ తిరుగుతుంది, గాలికి ఊగుతుంది. దాని మీద సన్నటి దిశా ఆంటెనా పెడితే అది కాసేపటికి కొండవైపు చూస్తుంది. అందుచేత ఇంటి మీద దిశా ఆంటెనా, పడవ మీద చుట్టూ వినే ఆంటెనా పెట్టడం మేలు. దానికి తగిలించిన చిన్న రౌటరు పడవలోని ఫోనులకు మళ్లీ వై-ఫై పంచుతుంది. బలహీనమైన ఫోను గొంతు ఇంటిదాకా చేరనక్కరలేదు, పక్కనున్న రౌటరుకు వినబడితే చాలు.

ఇది ఊహ కాదు. కేరళలో అమృత విశ్వవిద్యాపీఠం వారు "ఓషన్‌నెట్" పేరుతో తీరం నుంచి 40 కిలోమీటర్లకు పైగా సముద్రంలోకి వెళ్లిన చేపల పడవలకు ఇదే పద్ధతిలో వై-ఫై అందించి చూపారు. పడవ ఎటు తిరిగినా తీరాన్ని వదలని ఆంటెనాల కోసం వారు ప్రత్యేకంగా కృషి చేశారు.

కనుక సంకేతం అందనప్పుడు ముందు అడగవలసిన ప్రశ్న "ఎంత బలం?" అని కాదు, "ఏ దారిన వస్తోంది?" అని.

ఇక మీకొక లెక్క. మిద్దె ఆంటెనా నీటికి 12 మీటర్ల ఎత్తున, పడవ ఆంటెనా 2 మీటర్ల ఎత్తున ఉన్నాయి. పడవను 400 మీటర్ల దూరంలో కట్టారు. అందులో ఉన్నాయనకు గాలివాన హెచ్చరిక అందుతుందా? అందకపోతే ఆంటెనాను పైకి ఎంత జరపాలి? కాగితం, పెన్సిలు తీసుకోండి మరి!