ఎక్స్‌టెన్షన్ తీగ ఎంత బరువు మోయగలదు?

క్రిందటి వానకాలమున మా ఇంట జరిగిన సంగతి ఇది. నూలుకు రంగు వేయుటకు నీళ్లు కాచవలసి, మగ్గము ప్రక్క ప్లగ్గునుండి ఎక్స్‌టెన్షన్ తీగ లాగి 2000 వాట్ల హీటరు తగిలించితిమి. హీటరు లావు పిన్నులు తీగ పెట్టెలో దూరలేదు. కన్వర్టరు తెచ్చి దూర్చితిమి. ఆ పిన్నులే మమ్ము వద్దనుచున్నవని అప్పుడు తోచలేదు. తీగ పది మీటర్లది. కావలసినది రెండే గనుక మిగిలినది చుట్టగానే ఉంచి, కాళ్లకు తగులకుండ గోనెసంచి కప్పితిమి. అరగంటలో కమురు వాసన వచ్చెను. చుట్టలోని తీగ కరగి ముద్దయినది. మూరెడు దూరములో నాలుగు చీరల పడుగు ఉన్నది. అది దక్కుట మా అదృష్టము.

ఫ్యూజు ఏల పోలేదని మా తమ్ముడు అడిగెను. పోదు. బోర్డులోని 16 ఆంపియర్ల ఫ్యూజు గోడలోని తీగను కాచుటకు పెట్టినది. మనము తగిలించిన సన్నతీగ దాని లెక్కలో లేదు. వాట్లను 230 వోల్టులచే భాగించిన ఆంపియర్లు వచ్చును. మా హీటరుకు సుమారు 8.7. చవుక తీగలలో రాగి తరచు 0.75 చదరపు మిల్లీమీటర్లే, పెట్టె 6 ఆంపియర్లదే. కరెంటు రెట్టింపైనచో తీగలో పుట్టు వేడి నాలుగు రెట్లగును. మా తీగలో పుట్టిన వేడి దాదాపు 40 వాట్లు. పరచి ఉంచినచో కొంత గాలికి చల్లారెడిది, చుట్టలో దానికి దారి ఏది?

పెట్టెకు నాలుగు రంధ్రములున్నవి గదా అని నాలుగు సామానులు తగిలించు సోదరులున్నారు. రంధ్రములు నాలుగైనను తీగ ఒక్కటే. 1000 వాట్ల ఇస్త్రీపెట్టె 4.3 ఆంపియర్లు తీసికొనును. దానితో మరొకటి వేడిసామాను చేరరాదు. మరమగ్గము మోటారును ఇట్టి తీగకు తగిలించనే రాదు. మొదలగునప్పుడు అది కొన్ని రెట్లు కరెంటు లాగును. సన్నతీగలో వోల్టేజి పడిపోయి, తిరుగక మూల్గి, చుట్టలు కాలును. మన ఇండ్లలో దూదిపీచు ఒక ప్రత్యేక బెడద. అది ప్లగ్గు సందులలో చేరును. వదులు పిన్ను వద్ద లేచు నిప్పురవ్వకు అంతకంటె ఏమి కావలెను?

మేము వయర్‌మన్‌ను పిలిచి హీటరుకు వేరుగా 16 ఆంపియర్ల పాయింటు వేయించితిమి. అద్దె ఇంటివారికి అది కుదరకపోవచ్చును. అట్టివారు 16 ఆంపియర్ల ప్లగ్గు, ఎర్తుతో కూడిన మూడు తీగలు, కనీసము 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి, ఐ.ఎస్.ఐ. ముద్ర చూచి పొట్టితీగ కొనవలెను; పూర్తిగా విప్పి, పడుగుకు ఎడముగా పరచవలెను. పావుగంట తరువాత గోడ స్విచ్చి ఆపి ప్లగ్గును తాకి చూడుడు. చేయి నిలువనంత వేడిగా ఉన్నచో ఆ తీగను మరల వాడకుడు.